అడుగుకు నలభై అడుగులు

ఏప్రిల్ 12

ఇవాళ తెలుగు సంఘం ఆఫీసు నుంచి ఆరు ఉత్తరాలు వచ్చాయి. సంఘం మాసపత్రికలో 'ఎందుకు? ఎలా?' పేజీ రాయడం మొదలుపెట్టి తొమ్మిదేళ్ళయింది. ఆకాశం నీలంగా ఎందుకుంటుంది, ఉల్లిపాయ కోస్తే కన్నీళ్ళెందుకు, ఆవలింత ఒకరి నుంచి ఒకరికి ఎలా పాకుతుంది... ఏటా ఇవే. ఒడిశాలోని ఈ బరంపురంలో తెలుగు చదవగలిగేవాళ్ళు తగ్గిపోతున్నారు, ప్రశ్నలూ తగ్గిపోతున్నాయి. కాలేజీలో జియాలజీ చెప్పి ఇంటికొచ్చాక ఈ ఉత్తరాలు విప్పడం నాకొక సరదా.

ఆరో ఉత్తరం సరదాగా లేదు. నోటుపుస్తకంలోంచి చింపిన కాగితం, గుండ్రటి అక్షరాలు. మార్కండి దాటాక సముద్రపొడ్డున ఉన్న నూకాలమ్మపేట నుంచి. ఉన్నదున్నట్టు ఎత్తి రాసుకుంటున్నాను:

"గౌరవనీయులైన వసుధ మేడమ్ గారికి, నా పేరు దుర్గ. మాది సోంపేట దగ్గర. ఇంటర్ వరకు తెలుగులోనే చదివాను. పెళ్ళయి ఇక్కడికి వచ్చి నాలుగేళ్ళు. మా అత్తగారు చేపలమ్మి తిరిగి వస్తూ శనగపప్పు కొంటే కొట్టువాడు మీ పేజీలోనే పొట్లం కట్టి ఇచ్చాడు. అందుకే రాస్తున్నాను. నేను కాపురానికి వచ్చినప్పుడు మా నుయ్యి నీళ్ళు తియ్యగా ఉండేవి. ఇప్పుడు ఉప్పగా ఉన్నాయి. పప్పు ఉడకదు, సబ్బు నురగ రాదు. సముద్రం ఎక్కడిది అక్కడే ఉంది, ముందుకు రాలేదు. మరి ఉప్పు ఎక్కడి నుంచి వచ్చింది? ఇంకొక ప్రశ్న. నాకిప్పుడు అయిదో నెల. ఈ నీళ్ళు తాగవచ్చా? ఒకరు ఒక ప్రశ్నే అడగాలని రూలుంటే రెండోదానికి జవాబు ఇవ్వండి."

రూలేమీ లేదమ్మా.

ఏప్రిల్ 13

జవాబు రాసేశాను. ఒక్క కొట్టివేత లేకుండా వచ్చింది. ముఖ్యమైన భాగం ఇది:

"సముద్రతీరంలో భూమి కింద రెండు రకాల నీళ్ళుంటాయి. వాన ఇసుకలోకి ఇంకి మంచినీరుగా నిలుస్తుంది. సముద్రపు నీరు పక్క నుంచి ఇసుకలోకి చొరబడి ఉంటుంది. ఉప్పునీరు కాస్త బరువు, అందుకని మంచినీరు దానిమీద తేలుతుంది. నీళ్ళలో మంచుగడ్డ తేలేటప్పుడు పైకి కనిపించేది కొంచెం, మునిగి ఉండేది చాలా. ఇక్కడ ఆ తేడా మరీ ఎక్కువ. సముద్రమట్టానికి పైన మంచినీరు ఒక అడుగు ఎత్తున నిలిస్తే, దాని కింద సుమారు నలభై అడుగుల లోతు దాకా మంచినీరే. ఉప్పునీటి బరువు మంచినీటికన్నా నలభయ్యో వంతు మాత్రమే ఎక్కువ కాబట్టి ఈ లెక్క. వింటే వరంలా ఉంటుంది. తిరగేసి చూడండి. మోటార్లు పెట్టి తోడి ఆ పైమట్టాన్ని ఒక్క అడుగు దించితే, కింద ఉప్పునీరు కాలక్రమంలో నలభై అడుగులు లేస్తుంది. సముద్రం ముందుకు రానక్కర్లేదు. అడుగునుంచి వస్తుంది."

ఆ తర్వాతి పేరాలో ఎవరు తోడుతున్నారో రాశాను. ఎండాకాలం రొయ్యల చెరువుల్లో నీరు ఆవిరై ఉప్పు ముదురుతుంది. రొయ్య తట్టుకోలేదు. అందుకని గట్టు మీద బోర్లు వేసి మంచినీరు తోడి పోస్తారు. మనిషి గొంతులోకి వెళ్ళాల్సిన నీళ్ళు రొయ్యకు ఉప్పు విరుగుడుగా పోతున్నాయి. చెరువులోని ఉప్పునీరు కూడా ఇసుకలోకి దిగుతుంది. పైనుంచి ఒకటి, కిందనుంచి ఒకటి, మధ్యలో దుర్గ నుయ్యి.

రెండో ప్రశ్నకు సూటిగా రాశాను. తాగవద్దు. వెంటనే రక్తపోటు చూపించుకో. పత్రిక వచ్చేదాకా ఆగడమెందుకని ఆ రెండు ముక్కలూ కార్డు మీద రాసి పోస్టులో వేశాను.

ఏప్రిల్ 30

పత్రిక వచ్చింది. నా పేరా లేదు! రొయ్యల చెరువుల పేరా మొత్తం ఎగిరిపోయింది. దాని స్థానంలో నేను పుట్టి బుద్ధెరిగి రాయని వాక్యాలు, నా పేరు కింద: "భూతాపం వల్ల ప్రపంచవ్యాప్తంగా సముద్రమట్టాలు పెరుగుతున్నాయి. మనమందరం మొక్కలు నాటుదాం."

మొక్కలు నాటుదామట. అయిదో నెల గర్భిణి నీళ్ళు తాగవచ్చా అని అడిగితే మొక్కలు నాటమని జవాబు.

సంపాదకుడు వైకుంఠరావు గారికి ఫోన్ చేశాను.

"ఏటమ్మా వసుధా, అంత కోపమేటి? చోటు సరిపోనేదు, అంతే."

"నేను రాసిన పేరాకన్నా మీరు పెట్టిన పేరా పొడుగుంది."

"భూతాపం అన్నాను. అబద్ధమా?"

"అబద్ధం కాదు. ఆ నూతికి జవాబూ కాదు."

"సూడు తల్లీ, మన హాలుకి పైకప్పు ఎవరు ఏయించినారు? బాబూరావు. మొన్న ఉగాదికి ముఖ్య అతిథి ఎవరు? బాబూరావు. మన పత్రికలోనే ఆయన సెరువుల మీద ఎలాగెయ్యమంటావు? భూతాపం అంటే ఎవరికీ నొప్పుండదు."

ఎవరికీ నొప్పుండదు. ఈ మాట ఇక్కడ రాసి పెట్టుకోవాలి.

నేను బాబూరావు పేరు ఎక్కడా రాయలేదు. వైకుంఠరావు గారే గుర్తుపట్టారు. రాయకపోవడానికి నా కారణం నాకుంది. అది ఇక్కడ అనవసరం.

మే 1

ఇంకా కోపంగానే ఉంది.

మే 4

ఆదివారం కదా అని నూకాలమ్మపేట వెళ్ళాను. బస్సు, ఆ తర్వాత ఆటో, ఆ తర్వాత ఇసుకలో నడక. సంచిలో నీళ్ళ మీటరు. పెన్నంత ఉంటుంది. నీళ్ళలో ముంచితే లీటరులో ఎన్ని మిల్లీగ్రాముల లవణాలు కరిగి ఉన్నాయో చూపిస్తుంది. అయిదు వందల లోపు మంచిది. రెండువేలు దాటితే గతిలేనివాళ్ళు కూడా తాగకూడదు.

దుర్గ ఇల్లు అడిగితే ఆమె అత్తగారు దానమ్మ బయటికొచ్చింది. అరవై ఏళ్ళుంటాయి, చేపల గంప మోసి మోసి మెడ నిటారుగా ఉంది. నేనెవరో చెప్పగానే చాప పరిచి కొబ్బరిబొండం కొట్టించింది. "మా నీల్లు నీకు ఇవ్వనేను తల్లీ. ఇంటికొచ్చినోలికి నీల్లియ్యనేని బతుకైపోనాది."

దుర్గ గుమ్మం పట్టుకుని నిలబడింది. ఇరవై మూడు, ఇరవై నాలుగేళ్ళ పిల్ల. కాళ్ళు వాచి ఉన్నాయి. నా కార్డు అందాక రక్తపోటు చూపించుకుందట. ఆశా కార్యకర్త రాసిన చీటీ తెచ్చి చూపింది. నూట నలభై ఎనిమిది, తొంభై ఆరు.

"ఉప్పు తినొద్దన్నారు మేడమ్. మానేసినాను. కూరలో ఎయ్యను, మజ్జిగలో ఎయ్యను. అయినా తగ్గనేదు."

నూతిలో మీటరు ముంచాను. రెండువేల తొమ్మిది వందల పది. పక్కింటిది రెండువేల ఏడు వందలు.

కాగితం తీసి లెక్క వేశాను. ఈ ఎండలకు రోజుకు మూడు లీటర్లు తాగుతుంది. అంటే దాదాపు తొమ్మిది గ్రాముల లవణం, అందులో ఏడు గ్రాములు అచ్చంగా మనం తినే ఉప్పే. ఆరోగ్యంగా ఉన్న మనిషి రోజు మొత్తం మీద అయిదు గ్రాములు దాటకూడదంటారు. ఈ పిల్ల చప్పిడి కూడు తింటూ, చెంచాడు పైన ఉప్పు తాగుతోంది. చెప్పాను. దుర్గ ఏడవలేదు. "అందుకా" అంది, అంతే.

దానమ్మ ఊరుకోలేదు. "మరి నీల్లకి ఎక్కడికెల్లాల? మంచి బోరింగు ఊరికి ఆ సివర, మైలుదూరం. కొడుకు అప్పలరాజు కేరళలో బోటు మీదున్నాడు. నాను గంపెత్తుకుని పొద్దున్నే ఎల్లిపోతాను. ఈ కడుపుతో ఇది బిందె మోత్తాదా? ఆలు సెరువులు తవ్వినప్పుడు అడిగినాం తల్లీ. నుయ్యిలు పాడవుతాయేమో అని ఊరంతా అడిగినాం. పెద్ద సదువులోలు ఒచ్చి కొలిసి రాసినారు, ఏటీ అవదు అని సెప్పినారు. ఆ రాసినోలు కనిపిత్తే ఈ నీల్లు ఒక సెంబుడు తాగించాలనుంది."

నేను బొండం తాగుతున్నాను.

తర్వాత గట్టు మీదికి వెళ్ళాను. పధ్నాలుగు చెరువులు, నీళ్ళు చిలికే చక్రాలు, గట్టు పొడవునా ఆరు బోర్లు. ఆరూ నడుస్తున్నాయి. అంత ధారగా మంచినీరు చెరువులో పడుతుంటే చూడలేకపోయాను. ఆ గట్టు మీద నేను ఇదివరకు నడిచాను. అప్పుడది గట్టు కాదు, మొగలిపొదలు. ఆ సంగతి దానమ్మకు చెప్పలేదు. చెప్పే సందర్భం రాలేదు.

మే 5

సందర్భం రాలేదని నిన్న రాశాను. నేను అక్కడ నాలుగు గంటలున్నాను.

మే 9

జిల్లా కేంద్రం ఛత్రపురం వెళ్ళి బోర్ల మీద ఫిర్యాదు ఇచ్చాను. ఆఫీసు పేరు రాసుకోవాల్సిన అవసరం లేదు, జీవితాంతం గుర్తుంటుంది. అక్కడి అధికారి చిన్నవాడు, మర్యాదస్తుడు. ఒడియాలో మాట్లాడుకున్నాం. మీటరు అంకెలు చూపించాను, అడుగుకు నలభై అడుగుల లెక్క చెప్పాను. గదిలో ఉన్నవాళ్ళంతా నన్నే చూస్తూ ఉండిపోయేలా గొంతు పెంచాను. ఏ బుద్ధున్నవాడు దీనికి అనుమతిచ్చాడని అడిగాను.

ఆయన లేచి వెళ్ళి ఫైలు తెచ్చి, నా వైపు తిప్పి పెట్టాడు. "అనుమతికి ముందు నిపుణుల నివేదిక ఉంది మేడమ్. భూగర్భజలాలకు గణనీయమైన హాని ఉండదని స్పష్టంగా రాశారు." చివరి పేజీ తిప్పాడు. సంతకం కింద పేరు చదివాడు. నేనిచ్చిన ఫిర్యాదు కింద పేరు చదివాడు. తలెత్తాడు.

"ఇది మీరేనా?"

"పేర్లు కలవడం మామూలే కదా" అన్నాను.

మే 10

వసుధ అనే పేరు నిజంగానే చాలామందికి ఉంటుంది.

మే 11

శివరామ్‌కు చెప్పాను, ఆఫీసులో జరిగిందంతా. మా ఆయన కిరాణా హోల్‌సేల్ వ్యాపారి, బాబూరావు ఆయన చిన్ననాటి స్నేహితుడు. పొద్దున్న ఇడ్లీ తింటూ విన్నాడు.

"ఫిర్యాదు వెనక్కి తీసేసుకో. నీ రిపోర్టు మీద నువ్వే ఫిర్యాదు పెడితే లోకం నవ్వుద్ది."

"ఆ పిల్లకి రక్తపోటు ఎంతుందో తెలుసా?"

"తెలీదు. ఏటంటే, నువ్వు అప్పుడు కొలిసినవి అబద్ధమా?"

"కాదు."

"మరేటి?"

మరేటి. ఈ ప్రశ్నకు ఇంట్లో జవాబు చెప్పలేదు కాబట్టి ఇక్కడ చెప్పుకుంటాను.

2020 అక్టోబరు. బాబూరావు కారు పంపాడు. రెండు రోజులు, నాలుగు నూతులు, మొహానికి కరోనా మాస్కు, అందుకే మొన్న ఊళ్ళో ఎవరూ నన్ను గుర్తుపట్టలేదు. మూడు వందల ఎనభై, నాలుగు వందల పది, అలాంటి అంకెలు. ఒక్క అంకె కూడా అబద్ధం కాదు. అప్పటికి వానలు వెలిసి పది రోజులు. ఏడాదిలో మంచినీటి పొర అన్నిటికన్నా మందంగా ఉండే పది రోజులు. వేసవిలో మళ్ళీ కొలిచాకే ఏదైనా తేల్చాలని నాకు తెలుసు. నా విద్యార్థులకు ఇది మొదటి ఏడాదే చెబుతాను. మొదటి ప్రతిలో ఆ వాక్యం రాశాను కూడా. బాబూరావు ఇంటికొచ్చి కాఫీ తాగుతూ, "ఈ ఒక్క లైను ఉంటే ఆఫీసోలు ఇంకో ఏడాది తిప్పుతారు మేడమ్. మీరు నిపుణులు, మీకు తెలీదా" అన్నాడు.

నిపుణులు. ఆ మాట అప్పటిదాకా నన్నెవరూ అనలేదు. కాలేజీలో నేను "లేడీ లెక్చరర్"ని. ఫీజు పెద్దదేం కాదు, దాని కోసం చేశానని నేను కూడా నన్ను తిట్టుకోలేను. ఆ ఒక్క మాట చెవికి బాగుండి వాక్యం కొట్టేశాను.

నెలన్నరగా వైకుంఠరావు మీద మండిపడుతున్నాను, ఒక పేరా తీసేశాడని.

మే 12

రాత్రి రాసింది పొద్దున్న చదివాను. నెలన్నర కాదు, పన్నెండు రోజులే. కోపంలో లెక్క కూడా తప్పుతోంది.

మే 18

దుర్గకు ఇంటి దగ్గరే మంచినీళ్ళ డబ్బాలు దింపే ఏర్పాటు చేసి వచ్చాను. దానమ్మ నా రెండు చేతులూ పట్టుకుంది. "నువ్వు నా కడుపున పుట్టాల్సిందానివి తల్లీ."

ఇవాళ కూడా చెప్పలేదు. ఇలా కృతజ్ఞత పుచ్చుకుని రావడం ఎంత సిగ్గుచేటో తెలిసే పుచ్చుకున్నాను.

జూన్ 14

దుర్గకు మొన్న తలనొప్పి మొదలై కళ్ళు మసకలు కమ్మాయట. ఆటోలో బరంపురం పెద్దాసుపత్రికి తెచ్చారు. ఆపరేషన్ చేసి బిడ్డను తీశారు, ఏడు నెలలు దాటి వారమే. ఆడపిల్ల. కిలో ఆరువందల గ్రాములు. అద్దాల పెట్టెలో ఉంది. పాదం నా బొటనవేలంత ఉంది.

డాక్టరమ్మను అడిగాను, నీళ్ళ వల్లేనా అని. ఆవిడ నిజాయితీపరురాలు. "ఉప్పునీళ్ళు తాగే తీరాల్లో గర్భిణులకు ఇది ఎక్కువగా వస్తుందని పరిశోధనలున్నాయి. ఈ అమ్మాయికి దానివల్లే వచ్చిందా అంటే చెప్పలేను. ఏ నీళ్ళు తాగినా కొందరికి వస్తుంది."

సరైన జవాబు. విజ్ఞానశాస్త్రం వందమంది గురించి చెబుతుంది, ఒక్క దుర్గ గురించి చెప్పలేదు. నేను డాక్టర్నయితే నేనూ అదే చెప్పేదాన్ని. కానీ వరండాలో నిలబడి ఆ సరైన జవాబు వింటుంటే, బాబూరావుకు ఇది ఎంత పనికొస్తుందో తెలిసిపోయి ఒళ్ళు మండింది. చెప్పలేం, నిరూపణ లేదు, గణనీయం కాదు. మేం జాగ్రత్తగా వాడే మాటలన్నీ మోటారున్నవాడికే కలిసొస్తాయి. నూతి గట్టున ఉన్నవాడికి ఒక్కటీ కలిసిరాదు.

దానమ్మ ఆసుపత్రి మెట్ల మీద కూర్చుని ఉంది. వచ్చే ఆదివారం ఊళ్ళో గ్రామసభట. ఇంకో పది చెరువులకు బాబూరావు అనుమతి అడుగుతున్నాడు. "నువ్వు రావాల తల్లీ. నీ మీటరు తే. మాకు మాటాడ్డం రాదు."

వస్తానన్నాను.

జూన్ 22

జరిగింది జరిగినట్టు రాస్తాను.

బడి ఆవరణలో షామియానా. పొద్దున పది. రెండు వందల మంది దాకా ఉన్నారు, సగం మంది ఆడవాళ్ళే. నేను దానమ్మ పక్కన నేల మీద కూర్చున్నాను. బల్ల దగ్గర అధికారి, బాబూరావు. బాబూరావు నన్ను చూసి నమస్కారం పెట్టాడు, నిండుగా నవ్వాడు. నా ఫిర్యాదు సంగతి ఇంకా తెలియదు కాబోలు, నేను శివరామ్ భార్యను, తనవైపు మనిషిని అనుకున్నాడు.

ఊరి పెద్ద, పేరు గురువులు, లేచి నూతుల సంగతి చెప్పాడు. బాబూరావు ఓపికగా విన్నాడు. తర్వాత లేచి కాగితాలు పైకెత్తి చూపించాడు.

"నాను సదువుకోనేదు. నీల్ల గురించి నాకేటి తెలుసు? అందుకే సదువుకున్నోలిని అడిగినాను. ఇదిగో రిపోర్టు. మన తెలుగు ఆడకూతురే రాసింది, కాలేజీలో పాఠాలు సెప్పే మనిషి. ఏటీ అవదని ఇందులో ఉంది. వేసవిలో నీరు తగ్గడం, ఉప్పెక్కడం ఎక్కడైనా ఉన్నదే. నా మాట నమ్మకండి. మేడమ్ గారు ఇక్కడే కూకున్నారు, ఆరినే అడగండి."

రెండు వందల తలలు తిరిగాయి. నా పక్కనున్న తల అన్నిటికన్నా నెమ్మదిగా తిరిగింది.

లేచాను. కోపం వచ్చింది, ఇంతకాలం ఊరందరి మీదా చల్లుకుంటూ తిరిగిన కోపం, చివరికి సరైన చోటికి.

"ఈ రిపోర్టు నాదే" అన్నాను. తెలుగులో ఒకసారి, అధికారి కోసం ఒడియాలో ఒకసారి. "ఇందులో అంకెలు నిజం. దీనిలో తేల్చింది తప్పు. నేను కొలిచింది వానలు వెలిసిన పది రోజులకు. వేసవిలో కొలవలేదు. వేసవిలో కొలిచేదాకా ఏమీ చెప్పకూడదని మొదటి ప్రతిలో రాశాను. బాబూరావు గారు తీసేయమన్నారు. ఆయన తీయలేదు, నేను తీశాను. ఈ మే నెలలో కొలిచాను. మూడు వందల ఎనభై ఉన్న నుయ్యి రెండువేల తొమ్మిది వందలైంది. ఈ చెరువులే నిండా ముంచుతుంటే ఇంకో పది చెరువులకు నా కాగితం చూపిస్తున్నారు. ఆ కాగితాన్ని నేను వెనక్కి తీసుకుంటున్నాను."

బాబూరావు నవ్వు ఇంకా అలాగే ఉంది, దాన్ని ఏం చేయాలో తెలియనట్టు. "మేడమ్ గారికి ఒంట్లో బాగునేదేమో" అన్నాడు.

ఆయన మాట ఎవరూ వినలేదు. దానమ్మ లేచి నిలబడింది.

"నా ఇంటికొచ్చినావు. నా సాప మీద కూకున్నావు. రాసినోలు కనిపిత్తే నీల్లు తాగిత్తానని నీ ముందే అన్నాను. అప్పుడెందుకు సెప్పనేదు?"

"భయపడ్డాను."

"ఎవులికి? ఈ బాబూరావుకా?"

"నీకే."

ఆమె నన్ను తిట్టి ఉంటే బాగుండేది. జనంలో చాలామంది తిట్టారు. వెనకనుంచి ఎవరో ఇసుక విసిరారు కూడా. దానమ్మ మాత్రం, "మీరు కూకోండి మేడమ్ గారూ" అంది. మీరు అంది.

చేతులెత్తమన్నారు. కొత్త చెరువులకు సరేనన్నవి పదకొండు చేతులు. వద్దన్నవి లెక్కపెట్టడం అధికారి మధ్యలోనే మానేశాడు. నేను ఈ ఊరిదాన్ని కాదు, నేను చెయ్యెత్తకూడదు. ఎత్తలేదు.

జూన్ 23

"నీకే" అన్నాను కదా. అది కూడా పూర్తి నిజం కాదు. నిపుణురాలు అన్న మాట పోతుందని భయపడ్డాను.

జులై 20

ఈ నెలలో జరిగినవి:

తనిఖీకి వచ్చి ఆరు బోర్లకూ సీలు వేశారు. నా వాంగ్మూలం రెండుసార్లు రాసుకున్నారు. పేర్లు కలిశాయని మేలో చెప్పింది అబద్ధమని కూడా చెప్పాను. ఆ చిన్న అధికారి తల వంచుకుని రాసుకున్నాడు, నాకు బదులు ఆయన సిగ్గుపడ్డట్టు.

కాలేజీ వాళ్ళు సంజాయిషీ అడిగారు. ఇచ్చాను. ఇక బయటి సంస్థలకు నివేదికలు రాయరాదని ఉత్తర్వు. న్యాయమే. బాబూరావు లాయరు నోటీసు పంపాడు. అది న్యాయం కాదు, అయినా పంపాడు.

వైకుంఠరావు గారు నా పేజీ తీసేసి పదరంగం పెట్టారు. ఫోన్లో, "ఇన్నాల్లూ ఎంత బాగా రాసేదానివి తల్లీ, పేరు సెడగొట్టుకున్నావు" అన్నారు. ఆయన పెట్టిన భూతాపం పేరా నా పేరు కింద ఇంకా అలాగే ఉంది, దాన్ని మాత్రం ఎవరూ వెనక్కి తీసుకోలేదు.

శివరామ్ పదిహేను రోజులు మాట్లాడలేదు. నిన్న అన్నాడు: "బాబూరావుతో తెగిపోయింది. నలభై ఏళ్ళ స్నేహం." కాఫీ తెచ్చి ముందు పెట్టాను. "నువ్వు నన్నడిగి సంతకం పెట్టనేదు, నన్నడిగి ఎనక్కి తీసుకోనేదు" అన్నాడు. అది నిజం.

దుర్గ బిడ్డ రెండు కిలోలు దాటింది. ఇంటికి పంపేశారు.

ఆగస్టు 10

నెలకొకసారి కొలవాలి కాబట్టి నూకాలమ్మపేట వెళ్ళాను. తలుపులు తీశారు, నూతి దాకా రానిచ్చారు, ఎవరూ కూర్చోమనలేదు.

సెప్టెంబరు 14

ఈ నెలా అంతే.

డిసెంబరు 14

రెండువేల తొమ్మిది వందల పది మేలో. ఇవాళ పధ్నాలుగు వందల ఎనభై.

మీటరు మళ్ళీ ముంచి చూశాను. అదే అంకె. చుట్టూ ముప్పై మంది చేరారు. ఎవరో ఈల వేశారు. గురువులు తలగుడ్డ తీసి మొహం తుడుచుకున్నాడు.

"సగానికి దిగిపోనాది! మేడమ్ గారూ, ఒక కాగితం రాసియ్యండి. బోర్లు మూసేత్తే నీల్లు బాగుపడినాయని. ఆఫీసులో ఎడతాం. ఆడు రేపు కోర్టుకెల్తే మొకాన కొడతాం."

ఎంత తియ్యటి మాట. నా చేతికి పెన్ను కూడా ఇచ్చాడు. రాస్తే వాళ్ళ కేసు గట్టిపడుతుందని నాకు తెలుసు. ఆగస్టు నుంచి నన్ను నిలబెట్టి మాట్లాడిన మనుషులు ఇవాళ నా చుట్టూ నవ్వుతున్నారు. రాసేద్దామనే అనిపించింది. దాచుకోవడం ఎందుకు, పెన్ను మూత కూడా తీశాను.

మూత పెట్టేశాను.

"ఇది రాయలేను" అన్నాను. "ఇది వాన చేసిన పని. నాలుగు నెలలు వాన పడి పైన పొర మందమైంది. కిందనుంచి లేచిన ఉప్పు ఇంకా అక్కడే ఉంది. అది దిగిందో లేదో మే నెలలో తెలుస్తుంది. ఒక్క మేలో కూడా తెలియకపోవచ్చు."

"మరి ఎప్పటికి దిగుద్ది?"

"నాలుగేళ్ళు తోడినదానికి నాలుగు నెలల్లో దిగదు. పదేళ్ళు పట్టవచ్చు. ఎక్కువా పట్టవచ్చు. నా ఉద్యోగం ఉండగా దిగుతుందో లేదో చెప్పలేను."

గురువులు పెన్ను లాక్కున్నాడు. "ఆలకి కావాల్సినప్పుడు రాసినారు. మాకు కావాలంటే రాయరు. ఇదేటి సదువు?" అని వెళ్ళిపోయాడు. ఆయన వెనకే చాలామంది వెళ్ళిపోయారు. ఆయన కోపంలో తప్పు పట్టడానికి నాకేమీ కనిపించలేదు. నాకు కూడా ఆ చదువు మీద అంత కోపమూ ఉంది.

దానమ్మ అరుగు మీదే కూర్చుంది, మనవరాలు ఒళ్ళో నిద్రపోతోంది. దుర్గ గుమ్మంలో నిలబడి అంతా వింది. నేను మీటరు తుడిచి సంచిలో పెట్టుకుంటున్నాను.

"పదేల్లా?" అంది దానమ్మ.

"అవును."

"అప్పటికి ఈ గుంట బడికెల్లిపోద్ది."

"అవును."

బిడ్డను ఒళ్ళోంచి భుజం మీదికి మార్చుకుంది.

"ఈ మాట నమ్ముతాను" అంది. "మా ఎనకింటి నుయ్యి ఎప్పుడూ సూడనేదు నువ్వు. అది కూడా సూసి ఎల్లు."

వెళ్ళి చూశాను. పధ్నాలుగు వందల ముప్పై.